దున్నని పొలం వెనక సంగతి

మళ్లీ అదే ప్రశ్నా మేడమ్? దున్నడం ఎందుకు మానేశారూ అని! పోయిన వారం మీ వ్యవసాయ ఆఫీసు నుంచి వచ్చినాయనకి చెప్పానుగా. నేల కోసం, నీళ్ల కోసం, రాబోయే తరాల కోసం. ఆయన ఎంత సంబరపడ్డాడో! రెండోసారి టీ కూడా అడిగి తాగాడు.

ఏంటీ, రేపు రైతుల సమావేశంలో మీరు రాసుకునే ఈ కాగితం పైకి చదువుతారా? మా బావమరిది ముందా? వాడు మొదటి వరసలోనే కూర్చుంటాడండీ!

అయ్యో, రాయకండి, ఆగండి. అసలు సంగతి వేరు.

మూడేళ్ల కిందట, ఇదే గదిలో, చుట్టాలందరి ముందూ వాడేమన్నాడో తెలుసా? "బావ నా ట్రాక్టర్ తోలితే చాళ్లు పాము పాకినట్టుంటాయి" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. మా ఆవిడకైతే పొలమారింది!

నాకు రోషం రాదూ? నీ ట్రాక్టరూ వద్దు, నువ్వూ వద్దు పొమ్మన్నా. వచ్చి బతిమాలతాడనుకున్నా. వచ్చాడా? రాలేదు! ఇక్కడేమో నేలలో పదును ఆరిపోతోంది, ఇంకో ట్రాక్టర్ వెతికే వేళ లేదు. ఏం చెయ్యను? పాత పంట కోసేశాక మిగిలిన కొయ్యకాళ్ల మధ్యనే గోధుమలు విత్తేశా. ఎవరడిగినా, కొత్త పద్ధతి, మీకు తెలీదులే అన్నా.

నవ్వకండి మేడమ్.

పంటా? ఎక్కడ పండింది! మోకాలెత్తు కలుపు. కాకపోతే వాడి పొలం వైపు గట్టు పక్క పదడుగులు మాత్రం నేనే కూర్చుని శుభ్రంగా పీకేశా. వాడికి కనిపించేది అంతేగా! "ఎలా ఉంది బావా?" అన్నాడు. బంగారంలా ఉందన్నా.

నమ్మేశాడండీ! మరుసటేడు తన పొలమూ దున్నలేదు. వాడు నాలాంటివాడు కాదులెండి. కోత గడ్డి నేలంతా సమానంగా పరిచాడు. ఖాళీ నెలల్లో పచ్చిరొట్ట పైరు వేశాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నా పైరుతో సహా అందరిదీ వాడిపోయింది. వాడిది నిలబడింది.

వాడు లేనప్పుడు చూసి గట్టు దాటా. గడ్డి పక్కకి జరిపి వేలు గుచ్చా. రెండు కణుపుల లోతున చల్లగా తడి! వానపాములు!

అప్పటికి నేను దున్నించేద్దామని పక్కూరి ట్రాక్టర్ మాట్లాడేసుకున్నా. వెంటనే రావద్దని కబురు పెట్టా. వాడు చేసిందల్లా మక్కీకి మక్కీ చేశా. ఇందాక మీరు ఫోటో తీసుకున్న పైరు అదే.

వాడేమో ఊరంతా "మా బావ నేర్పాడు" అని చెప్పుకు తిరుగుతున్నాడు. విన్నప్పుడల్లా ఛాతీ పొంగుతుంది. ఆ వెంటనే లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటుంది.

సరే, రాసుకోండి. "దున్నకుండా విత్తడం ఈ ఊళ్లో మొదలుపెట్టింది నేనే." రాశారా? "ఎలా చెయ్యాలో నేర్చుకుంది మాత్రం మా బావమరిది పొలం చూసి." అదీ రాయండి. నిజమేగా.

కానీ మేడమ్, రేపు చదివేటప్పుడు మొదటి వాక్యం అవగానే మీకు కాస్త దగ్గు రాకూడదూ?