తమ్ముడి లివరు

హలో… ఆ, నేనే రా, అక్కని. కట్ చేయకు. ఒక్క మాట విను…

కాదు, పోట్లాడ్డానికి కాదు. పొద్దున మీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చా… ఆ, ఒక్కదాన్నే. "మావాడి లివరు పాడైందని స్కానింగులో వచ్చింది, దొంగచాటుగా తాగుతున్నాడు, మీరైనా గడ్డి పెట్టండి" అన్నా…

నవ్వకు. ఆవిడ చూసిన చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తాగుడు కాదట్రా. కొవ్వట. చుక్క ముట్టనివాళ్లకీ పడుతుందట. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి మరీనట… నీకు తెలుసా? మరి చెప్పవేం?…

ఆ. చెప్పావు. నేనే వినలేదు.

నీ గ్లాసు వాసన చూశాను… మీ బావ ముందు నీ సంచి బోర్లించాను. నా చేతులు విరిగిపోనూ…

— పర్లేదనకు. అలా అంటే ఇంకా గుచ్చుకుంటోంది. తిట్టు, రెండు తిట్టు.

ఆ కొవ్వులో నా వాటా కూడా ఉందిరా. జబ్బు బయటపడ్డప్పుడు పుల్లలా ఉన్నావు, హడలిపోయా. ఒళ్లు చేస్తే ఎవరికీ అనుమానం రాదని, వద్దంటున్నా వేపుళ్లూ మిఠాయిలూ కుక్కాను. నీ ప్యాంట్లు నడుం దగ్గర కుట్లు విప్పి వదులు చేసినప్పుడల్లా కుట్టుమిషను ముందు కూర్చుని మురిసిపోయా, పిచ్చిమొహాన్ని.

సర్లే, ఇల్లొదిలి పోతూ మాత్రలు మర్చిపోయావని…

ఏంటీ? కావాలనే వదిలేశావా? ఎందుకురా?… నేనన్నానా?… "తాగుడికి తోడు ఆ మాత్రలు, ఇంక లివరేం మిగుల్తుంది"…

అన్నాను. కోపంలో నోరు జారాన్రా! బట్టలు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసని నా మాట పట్టుకున్నావు?

డాక్టరమ్మ మరీమరీ చెప్పింది, హెచ్ఐవీ మాత్రలు మాత్రం ఆపకూడదట. మార్చాల్సొస్తే ఆవిడే మారుస్తుందట. కొవ్వంటావా, ఒళ్లు తగ్గితే అదీ తగ్గుతుందట. నడవాలి, తీపి తగ్గించాలి…

లేదు, ఇంట్లో లేను. నీ స్నేహితుడి గది కింద ఉన్నా, మెట్ల దగ్గర. మాత్రలు తెచ్చాను… రాను, పైకి రాను. అతనికి నీ సంగతి తెలీదని నాకు తెలుసు కదా. ఇంటికి రమ్మని కూడా అడగను. వచ్చి డబ్బా తీసుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపో, ఏమీ అనుకోను…

హలో?… ఉన్నావా?…

తలుపు చప్పుడైంది… నువ్వేనా?… మెల్లగా, మెల్లగా దిగు. చెప్పులన్నా వేసుకోలేదేంట్రా… నేనెక్కడికీ పోనులే.

ఫోన్ పెట్టేస్తున్నా.