ఆదివారం పంచాయతికి సైకాలజీ పిల్ల

హలో… ఆ, నేనే పెద్దనాయినా, వసుధని. చెప్పు… లేదు, కాలేజీ అయిపోయింది. మెట్టుగూడ దాకా వచ్చిన, ఇంటికే పోతున్న.

…ఆదివారమా? యాదుంది. మనోళ్ల పెద్దమనుషులు కూసుంటరని నాయిన చెప్పిండు.

…నేనా? నేనేం చెప్పాలె?… ఏందీ? మళ్లొకసారి చెప్పు.

…అంటే, నీ పెద్దకొడుకు తిరుమల్ అన్న దిమాగ్ ఖరాబైందని అందరి ముందర నేను చెప్పాలె. సైకాలజీ చదివే పిల్ల చెప్పిందంటే ఎవ్వలు ఎదురు మాట్లాడరు. రెజిమెంటల్ బజార్ల గిన్నెల దుకాణం నీ చిన్నకొడుకు చేతికి పోతది. గంతేనా?

…చెప్ప.

…కోపం కాదు. చెప్పనంటున్న, అంతే.

…అవును, డిగ్రీ ఆఖరి సంవత్సరమే… ఏం నేర్చుకున్ననా? మొఖం చూసి మనసుల మాట చెప్పుడైతే కాదు. పెండ్లిళ్లల్ల గట్ల చెప్పుకున్నది నువ్వే, మా పిల్ల ముందర జెర జాగ్రత్త అనుకుంట.

…విను మరి. దుకాణానికి రాని మనిషికి పిచ్చి అని పేరు పెట్టే ముందు, ఎందుకు వస్తలేడో అడగాలె. గది నేర్చుకున్న. నాకు తెల్వనిది తెల్వదని చెప్పుడు నేర్చుకున్న. నేను డాక్టర్ని కాను పెద్దనాయినా. రోగం పేరు చెప్పే హక్కు నాకు లేదు. నీకు సుత లేదు.

…ఆ, అన్నతోని మాట్లాడిన. మొన్న బన్సీలాల్‌పేట్ మెట్ల బావి కాడ కూసొని శానాసేపు చెప్పిండు.

…అది మాత్రం అడగకు. నన్ను నమ్మి చెప్పిండు… నాయిన అడిగినా చెప్ప.

…నువ్వెప్పుడన్న అడిగినవా? పక్కన కూసొని, ఏమైంది బిడ్డా అని?

…మాట మార్చకు.

…డాక్టర్ దగ్గరికి వస్తనన్నడు. సోమవారం నేనే తోల్కపోత. తక్లీఫ్ ఏదన్న ఉంటే వాళ్లు చూస్తరు. దుకాణం సంగతి తర్వాత మాట్లాడుకోండి.

…పరువా? అన్న కంటే ఎక్కువనా నీకు?

…నన్ను చదివిచ్చుడు దండుగనా? అనుకో. నాకు మస్తు బాధైతది, అయినా చెప్ప.

…రావొద్దా? వస్త. ఆదివారం అన్న పక్కనే కూసుంట. ఎవలేం అడిగినా, అన్ననే అడుగుండ్రి అంట.

…హలో?… గట్ల గుసగుస మాట్లాడుతున్నవేంది?… ఎవలొచ్చిండ్రు?

…అన్ననా? తలుపు కాడనా?… ఎప్పటిసంది నిలబడ్డడు?

…నువ్వన్నయి అన్నీ విన్నడా?

…నాకు చెప్పుడు కాదు. ఫోన్ పెట్టెయ్ పెద్దనాయినా. పొయ్యి అన్నతోని మాట్లాడు… ఏం మాట్లాడాల్నో తెల్వదా? గదే చెప్పు అన్నకు, తెల్వదని.

…పెట్టెయ్. నేను సుత పెడుతున్న.