గంట మోగినప్పుడు

బడి వదిలాక స్టాఫ్‌రూములో ఇద్దరే మిగిలారు: పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఇంగ్లీషు టీచరు, ఆసుపత్రి ఆయా యూనిఫాంలోనే వచ్చి ఎదురుగా కూర్చున్న ఆమె ఆడపడుచు.

“అదంతా వద్దులే వదినా, ఈ ఒక్క వాక్యం చూడు చాలు. ‘హ్యాడ్ లెఫ్ట్’ అని ఉందే, అది.”

“‘వెన్ ద బెల్ ర్యాంగ్, ద ఆయా హ్యాడ్ లెఫ్ట్ ద వార్డ్.’ ఇదేం కాగితమే?”

“ఆసుపత్రిది. అయిదులోగా సంతకం పెట్టాలి. ఆ హ్యాడ్ లేకపోతే ఏమవుతుంది?”

“లేకపోతే గంట మోగింది, ఆ తర్వాత నువ్వు వెళ్ళావు. ఉంటే నువ్వు ముందే వెళ్ళిపోయావు, తర్వాతెప్పుడో గంట మోగింది. జరిగినవి రెండున్నప్పుడు ముందు జరిగినదానికి హ్యాడ్. ఏడాది పొడుగునా పిల్లలకి ఇదే నూరిపోస్తాను, అయినా చూడు, ఇన్ని సున్నాలు.”

“అంత చిన్న మాటకి అంత తేడానా?”

“నక్కకీ నాగలోకానికీ ఉన్నంత. ఇంతకీ గంట కొట్టిందెవరు?”

“ఆరో మంచం పెద్దావిడ. ఊపిరాడక.”

“ఆవిడకి ఇప్పుడు...”

“పోయింది.”

“అయ్యో! అంటే, ఆవిడ గంట కొట్టేసరికి నువ్వసలు లేవని రాశారా? డాక్టరు కోసం పరిగెత్తానన్నావుగా మీ అన్నయ్యతో?”

“అన్నాను.”

“గంట విన్నాకేగా పరిగెత్తింది?”

“హ్యాడ్‌కి ఇంకో అర్థమేం లేదా వదినా? ఎక్కడైనా, ఒక్కోసారి...”

“లేదు. ఎక్కడా లేదు. నీ నెత్తిన రుద్దేస్తున్నారే పిల్లా! ఇంగ్లీషు రాదు కదా, ఏం రాసినా...”

“అరవకు. బయట ప్యూన్ ఉన్నాడు.”

“ఉండనీ. ఈ ఎర్రపెన్నుతోనే కొట్టేస్తాను. పద, నేనూ వస్తా. రాసినవాడెవడో నిలబెట్టి కడిగేస్తా.”

“వద్దు.”

“ఎందుకు వద్దు? ఉద్యోగం పోతుంది, పైగా కేసంటే...”

“కొట్టెయ్యకు వదినా. కొట్టెయ్యకు.”

“మరెందుకొచ్చావే నా దగ్గరికి?”

“పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను. కాళ్ళు పీకేస్తుంటే మెట్లమీద కూలబడ్డాను. కాసేపే. గంట అక్కడికి వినపడదు.”

“ఏమంటున్నావే?”

“జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను వదినా. వాళ్ళు టైపు చేశారంతే. ఇంగ్లీషులోకి మారేటప్పుడైనా ఆ మాట ఎక్కడో తప్పిపోయి ఉంటుందేమోనని ఆశపడ్డాను.”