పిడి కోసిన అచ్చు

మూడు. అదీ వాడి పెట్టుబడి. మూడు రకాల గచ్చులు, అంతే. కూకో గుంటా, అలా నిలబడి అడిగితే నాకు గురుతు రాదు. ఫోటో తీసుకున్నావు కదా, ఇంక ఆ ఫోను లోపలెట్టు. ఈ వరండా పలకలు ఎవరు పరిసినారని కదా అడిగినావు? సురేంద్ర. బొర్రా అవతల కొండ మీద ఊరు వాళ్లది, అయ్య సోళ్లూ సామలూ పండించీవోడు. అప్పుడు వాడికి నీ వయసే ఉంటాది. విజయనగరంలో సిమెంటు టైల్సు సేసీ షెడ్డులో పని నేర్సుకున్నాడు, ఆ షెడ్డు మూతపడితే పలకలు నొక్కీ ఒక పాత ప్రెస్సు, ఒకే ఒక్క ఇత్తడి అచ్చు పట్టుకొని అరకు ఒచ్చీసినాడు. నా సిమెంటు కొట్టు వెనకాల రేకుల షెడ్డు ఉంటే అందులో దిగినాడు. వాడు పోయి నలభై ఏళ్లు దాటిపోనాది సిట్టీ. ముప్పై నిండనేదు, మలేరియా తలకెక్కీసినాది. అప్పట్లో వానలు పడితే ఇంటికొకరు దుప్పటి కింద వణుకుతా ఉండీవోరు. నాకూ ఒచ్చింది, మా ఆవిడ మిరియాల కషాయం పట్టించి... సరే, అది ఒగ్గీయ్.

అచ్చంటే ఏటో నీకు తెలీదు. ఇత్తడి రేకుల్ని కొమ్మలాగ, ఆకుల్లాగ ఒంచి అతికిస్తారు. గోడలే ఉంటాయి, అడుగుండదు, మూతుండదు. లేపడానికి మీద ఒక పిడి. దాన్ని నలుచదరం చట్రంలో పెట్టి, గదికో రంగు పోసి, పిడి పట్టుకొని లేపీసి, ఆ రంగుల మీద సిమెంటు ఏసి నొక్కీడమే. పలక తిరగేస్తే రంగు పైకొస్తాది. వాడి అచ్చులో ఒకటే కొమ్మ, కుడిపక్కకి వాలి ఉంటాది. పలకలన్నీ ఒకే దిక్కుకి పరిస్తే ఒక రకం. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పెడితే రెండోది. నాలుగింటిని ఫ్యాను రెక్కల్లాగ తిప్పితే మూడోది, ఇదిగో ఈ వరండా. సిమెంటు లారీ తోలీ బుజ్జిబాబు ఊరుకోడు కదా, ఒక్క కొమ్మ పట్టుకొని తోటేస్తాడంట ఈడు అనీవోడు. వీడు తలెత్తకుండానే, ఒకటి కాదు మావా, మూడు తోటలు అనీవోడు. పొగరే. కానీ వాడి లెక్క ఎప్పుడూ తప్పనేదు. గది ఇలా సూసి పలకలెన్నో సెప్పీసేవాడు, నేను టేపు తీసీలోపల.

అప్పుడు అనూరాధ మేడమ్‌గారు పిలిసినారు. ఆడపిల్లల హాస్టలు స్కూలుకి హెడ్డు, లెక్కలు సెప్పీవోరు. బళ్లు తెరిసేలోపల హాలుకి గచ్చు కావాలన్నారు. హాలు మధ్యలో గీత ఉన్నట్టు, అటు కొమ్మలు ఇటు వాలాలి, ఇటు కొమ్మలు అటు వాలాలి, రెండు అరచేతులు జోడించినట్టు రావాలి. అయిపోద్ది మేడమ్‌గారూ అనీసినాడు. వాడికి కాదనడం రాదు. ఇంట్లో అయ్య అప్పటికే గట్టిగా సెప్పీసినాడు, ఈ దుక్కి నాటికి సరైన పని దొరక్కపోతే ప్రెస్సు అమ్మీసి కొండెక్కీయమని. ఆ హాలు బాగా ఒస్తే మిగతా స్కూళ్లు పిలుస్తాయి. లేదంటే నాగలే.

సగం హాలుకి పలకలు కొట్టీసినాడు. మిగతా సగం ఎలా? షెడ్డులో నేల మీద పరుస్తాడు, తిప్పుతాడు, ఎత్తీస్తాడు. కుడికి వాలిన కొమ్మని ఎన్ని తిప్పులు తిప్పినా ఎడమకి వాలదు. ఇంకో అచ్చు కట్టించుకోరా అన్నాను. కట్టీ ముసలాయన పోయాడు బాబూ అన్నాడు. ఆఖరికి మేడమ్‌గారి దగ్గరకే ఎల్లినాడు, నన్నూ లాక్కెల్లినాడు. గుమ్మంలో కుడికాలి సెప్పు ఇప్పి సేత్తో పట్టుకున్నాడు. నేల మీద పెట్టి గుండ్రంగా తిప్పి సూపించినాడు.

"ఎటు తిప్పినా ఇది ఎడమకాలిది అవ్వదు మేడమ్‌గారూ. నా పలకా అంతే. నా సేతకానితనం కాదు."

ఆవిడ తిట్టనేదు. నవ్వీసి, "నిజమే, తిప్పడంతో రాదు. మరి తిరగేస్తే?" అన్నారు.

పలక తిరగేస్తే వెనక ఒట్టి సిమెంటే కదమ్మా అని నేను అడ్డొచ్చాను. వీడు ఆ సెప్పుని బోర్లా పట్టుకొని అడుగుకేసే సూస్తన్నాడు. సూడు కావాలంటే నీ సెప్పు, బోర్లేస్తే దాని అంచు ఎడమకాలిదే. కొట్టుకి రాగానే రంపం బ్లేడు ఇమ్మన్నాడు. అచ్చుకి వెనకా ముందూ లేదు బాబూ, పిడొక్కటే అడ్డం, కోసీసి రెండో పక్క పెట్టీస్తాను అన్నాడు. నేను ఇవ్వనన్నాను. పాత అతుకులురా, ఒక్కటి ఊడితే కొమ్మంతా రేకుల కుప్ప అయిపోద్ది, ఉన్నది ఒక్కటే అన్నాను. నా గల్లాపెట్టి పక్క నుంచి తనే తీసుకున్నాడు.

కోస్తంటే నేను సూడలేక బయట నిలబడ్డాను. టింగుమని సప్పుడైంది. లోపలికి పరిగెత్తితే, తొడిమ రేకు ఊడి కింద పడుంది. వాడి సెయ్యి మాత్రం ఆగనేదు. రేకు తీసి, కొలిమి మీద టంకం కరిగించి అతికించినాడు. పిడిని ఈసారి అతికించనేదు, ఎటు కావాలంటే అటు బిగించుకోడానికి మరలు పెట్టినాడు. ఆ బుర్ర సూడు. మర్నాడు అచ్చు తిరగేసి కొట్టిన పలక తీసి పాత పలక పక్కన పెట్టి, బాబూ ఇలా రా అన్నాడు. రెండు కొమ్మలూ ఒకదానికేసి ఒకటి వాలి ఉన్నాయి.

హాలు గచ్చు మీద మేడమ్‌గారు సెప్పులిప్పి నడిసినారు. ఒకే బొమ్మని తిప్పీ తిరగేసీ గచ్చంతా నింపీ పద్ధతులు ప్రపంచంలో మొత్తం పదిహేడు రకాలేనంట, ఆవిడ అన్నారు, ఫోటో తీస్తా నువ్వు ఇందాక సెప్పిందీ అదే కదా సిట్టీ. వాడు నమ్మనేదు, ఎవరు లెక్కెట్టినారు అని వాదించినాడు. ఆ వారంలోనే షెడ్డులో రెండు రకాల పలకలూ కలిపి పరిసి సూసుకుంటే మూడు కాస్తా పదకొండైనాయి. మిగతా ఆరూ? ఒకదానికి కొమ్మే మూల నుంచి మూలకి గీసిన గీతకి రెండు పక్కలా ఒకేలా ఉండాలంట, ఐదింటికి నలుచదరం పనికిరాదంట, మూడు తిప్పులకే సుట్టు పూర్తయ్యీ ఆరు మూలల పలక కావాలంట. అప్పటికి రెండు స్కూళ్ల నుంచి కబురొచ్చింది, అయ్య కూడా ఒచ్చి హాలు సూసి ఎల్లినాడు. వీడికి అవేవీ పట్టనేదు. ఇనుప పట్టీ తెచ్చుకున్నాడు, ఆరు మూలల చట్రం తనే ఒంచుతాడంట. ఒక్కో మూల ఎంత ఒంచాలిరా అంటే, సుట్టూ మూడొందల అరవై డిగ్రీలు, ఆరు మూలలు, అరవై బాబూ అన్నాడు. పట్టీని బల్లకున్న వైసు దవడల్లో బిగించినాడు, సుద్దముక్కతో గీత పెట్టినాడు, సుత్తి ఎత్తి...

ఎల్లు సిట్టీ, బేగి ఎల్లు. నీ బస్సు ఒచ్చీసినట్టుంది.