పది నిమిషాలు ఆగితే

ల్యాబులో కొలత ముగించి, పరిశోధక విద్యార్థిని గ్రాఫు తెచ్చి ప్రొఫెసర్ బల్ల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా, ఒట్టి గీతుంది? పొడికి అయస్కాంతం గుర్తుందని చూపే లూప్ ఏది?"

"మూడు సెకన్లకే కొలిస్తే వస్తోంది సార్. అయస్కాంతం ఆపేసి పది నిమిషాలాగితే, ఈ నానో పొడి అటు తిరిగిన సంగతే మర్చిపోతోంది."

"మర్చిపోదనే కదా మన పేపరంతా! నిన్నెవరు ఆగమన్నారు?"

"టీకెళ్ళొచ్చేసరికి అలా ఉంది సార్. తర్వాత కావాలనే ఏడుసార్లు చూశాను."

"థీసిస్‌లో మూడు సెకన్లదే పెట్టు."

"పన్నెండేళ్ళ కిందట ఆ పేపర్ కోసం కొలిచింది మీరే కదా సార్. మీకు తెలీదా?"

"తెలుసు. చెప్పబోతే అప్పటి మా గైడు సార్ నోర్మూసుకోమన్నారు. మూసుకున్నా. ఈ కుర్చీ వచ్చింది."

"ఆయన రిటైరై తొమ్మిదేళ్ళయింది సార్."

"అయితే?"

"ఈ పొడే నయం. పది నిమిషాల్లో మామూలైపోయింది. మీరింకా ఆయన వైపే తిరిగున్నారు."

"బాగా మాట్లాడావు. నువ్వొచ్చి ఆరేళ్ళయింది. నా సంతకం కావాలా, వద్దా?"

ఆమె గ్రాఫును ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

"నిన్నే అడిగేది."

"కావాలి సార్."

"మరి?"

"మూడు సెకన్ల గ్రాఫు ఏ చాప్టర్లో పెట్టమంటారు సార్?"