కళ్ళు మూసుకోని కోసిన గుడ్డ

ఆ పటంలో ఉండేది ఎవురనా? మా మామ నాగేశ్వరయ్య, మీ తాతకు నాయన. మొహం చూసి కోపిష్టి అనుకోవద్దే కోమలా, కంపవాతం వచ్చి అట్ట బిగుసుకుపోయింది. మనిషి వెన్న. పాండిచ్చేరిని ఫ్రెంచి దొరలు ఏలే కాలం అది. పెద్ద బజారులో మాకు జవుళి అంగడి, వెనకాలే ఇల్లు. మామ కత్తెర పెడితే గుడ్డ గీత గీసినట్టు తెగేది. కాఫీ తాగుతావా? వద్దా, సరే. ఆ కుడిచెయ్యికే వణుకొచ్చింది. నలుగురు చూస్తాంటే ఇంకా ఎక్కువ. ఒకరోజు పట్టుగుడ్డ పాడుచేసేశాడు. మీ తాత కత్తెర లాక్కోని, "ఇంట్లో కూచో నాయనా, నగుబాటుగా ఉంది" అనేశాడు. నాకు ఒళ్ళు మండింది. అంగడి లేకుంటే ఆయనకు బతుకే లేదే.

మా అత్త పంకజవల్లి ఊరుకునే మనిషా? ఆయన్ని ఊంజల్లో, అదే ఉయ్యాలబల్ల మీద, కూచోబెట్టి మెల్లగా ఊపేది. "వణుకుతో పోట్లాడొద్దండీ, వణకనీండి. కళ్ళు మూసుకోండి. భుజాలు జారవిడవండి. ఊపిరి పీల్చి నిదానంగా వదలండి." ఈయన, "నేనేమన్నా పసిబిడ్డనా ఊపేదానికి?" అని విసుక్కునేవోడు, దిగేవోడు మాత్రం కాదు! జబ్బు యాడికీ పోలా. కానీ అట్ట కాసేపు కూచుంటే చెయ్యి మాట వినేది.

మళ్ళీ అంగడికి పోయినాడు. కోసేముందు కళ్ళు మూసుకోని, ఊపిరి పీల్చి వదిలి, చెయ్యి కుదురుకున్నాక కత్తెర పెట్టేవోడు. అది చూసి, గుడ్డ కొనేదానికి వచ్చిన ఒర్లియంపేట కన్నియమ్మాళ్ ఏమనుకుందో తెలుసా? గుడ్డకి జపం చేస్తాండాడని! "నాగేశ్వరయ్యగారు జపించిన గుడ్డ, పెళ్ళికి మంచిది" అని ఊరంతా చాటింది. ఇంక చూసుకో, మీ తాత కోసింది ఎవురికీ వద్దు. మామేమో, "జపమూ లేదు గిపమూ లేదమ్మా, వణుకు తగ్గేదానికి" అని నిజమే చెప్పేవోడు. వింటేగా! "పెద్దోళ్ళు అట్నే అంటార్లే" అనేవోళ్ళు.

ఒక వైకాసి నెల, పెళ్ళిళ్ళ రోజులు. అంగడి నిండా జనం, ఒకటే గోల. నేను తలుపు సందులోంచి చూస్తాండా. మామ చెయ్యి అదిరిపోతాంది, ఎంత ఊపిరి పీల్చి వదిలినా కుదరలా. మీ తాత లేచి దగ్గరికి పోయినాడు. మళ్ళీ కత్తెర లాక్కుంటాడేమో అనుకున్నా. లాక్కోలా. జనం వైపు తిరిగి, "కాసేపు ఎవురూ మాట్టాడొద్దండి, మా నాయన గుడ్డ కోస్తాడు" అన్నాడు. అని, మామ పక్కన కూచోని తనూ కళ్ళు మూసుకున్నాడు. నాయన ఎట్ట ఊపిరి తీసి వదిలితే తనూ అట్టే. అంగడంతా గప్‌చుప్. ఆ గుడ్డ నేరుగా తెగిందా లేదా, నేను చూళ్ళా. మీ తాతనే చూస్తాండా. పెళ్ళయి అన్నేళ్ళకి, ఆ పొద్దే ఆయన నాకు మొగుడని తెలిసొచ్చింది... నవ్వకే! ఏంది, చినుకులా? పో పో, మిద్ది మీద వడియాలు ఎత్తు.