చింపాంజీకి మాట నేర్పిన కాక

"నేనేదో పెద్ద సైంటిస్టునని చెప్తలేను తమ్మీ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. ఆ చింపాంజీకి నేను ముందుగాల నేర్పింది ఒక్కటే ముక్క. 'చాయ్.' గంతే."

వెంకట్రాములు కాక గిట్ల షురూ చేసిండంటే ఇగ మా చాయ్ చల్లారుడే. గల్ఫ్‌ల, అల్ ఐన్ కార్ఖానాల ఏరియా సనాయల, గ్యారేజీల ఎన్క, రమీజ్ కెఫెటీరియా ముంగట కుర్చీలేసుకొని కూసున్నం. కాక మా సైటుల క్రేన్ కింద నిలవడి లోడుకు చెయ్యి చూపే మనిషి. పక్కన మహీధర్, కాకినాడ దిక్కోడు, మొన్ననే ఖోర్ ఫక్కాన్ పోర్టుల నౌకరి ఇడిసిపెట్టి మా దగ్గరికి క్రేన్ ఆపరేటర్‌గ వచ్చిండు. నడుమ ప్రమోద్, పానం అరచేతుల వెట్టుకొని.

వాని కథ వేరే. ఊర్ల వానికి పిల్లను చూసిండ్రు. లావణ్య. ఆ పిల్లకు చెవులు వినరావు, మాట రాదు. కరీంనగర్‌ల గసోంటి పిల్లల బడిల పంతులమ్మ. ఫోటో చూసిన దినం సంది ప్రమోద్‌కు బువ్వ సయిస్తలేదు. ఆ పిల్ల మాత్రం ఒక్కటే రాసి పంపిందట. "నడుమ అవ్వలు, అత్తలు వద్దు. ఆ పిలగాడు నాతోని తనే మాట్లాడాలె. గప్పుడు చెప్త, అవునో కాదో." ఆ మాట్లాడుడు ఆ పొద్దే, ఆరున్నరకు, బోటిమ్‌ల వీడియో కాల్. వీనికి సైగల భాష ఒక్క ముక్క రాదు. కాకకు వచ్చని కాకే పది మందిల చెప్పుకున్నడు గనుక ఉరికొచ్చిండు.

"కాకా, 'నువ్వు నాకు నచ్చినవ్, నేను నీకు నచ్చిన్నా?' గింతే. గీ ఒక్క ముక్క నేర్పు, నీ కాళ్ళు మొక్కుత."

"నేర్పుత బిడ్డా. గని ఇద్దె ఊకెనే వస్తదా? అది ఏడికెళ్ళి వచ్చిందో ఎరుకైతెనే చేతులకు అబ్బుతది. ఇను. కరోనా వచ్చినప్పుడు మన పనంత బందయ్యింది గదా? నన్ను తీస్కపోయి గీ అల్ ఐన్ అవుతల ఒక కఫీల్, గదే వీసా ఇచ్చే అరబ్బు సేటు, ఆయన ఖర్జూరం తోటల ఏసిండ్రు. ఆ కఫీల్‌కు జంతువుల పిచ్చి. ఒంటెలున్నయి, జింకలున్నయి, అన్నిట్ల మీద ఒక చింపాంజీ. పేరు మబ్రూక్. దానికి చేతులతోని మాట్లాడుడు నేర్పుతందుకు ఓ డాక్టరమ్మను పిలిపించిండు, హెలెనా అని. ఆమె ఆషామాషీ మనిషి గాదు. చదువైనకాడ సంది జుట్టు నెరిసేదాక ఆమె చేసిన నౌకరంత గదే. కోతులకు, చింపాంజీలకు సైగలు నేర్పుడు. పెండ్లి చేసుకోలే, ఇల్లు కట్టుకోలే, ఆఫ్రికా అడవులల్ల దోమలకు నెత్తురు పోసింది. గసోంటామె వచ్చి ముంగట కూసుంటే మబ్రూక్ ఏం చేస్తుండెనో ఎరుకేనా?"

"ఏం చేస్తుండె?" అన్న నేను.

"ఈపు చూపిచ్చి కూసుంటుండె! పాపం డాక్టరమ్మ, అరటిపండు చూపెడుతది, ద్రాక్షపండ్లు చూపెడుతది, సన్నటి వేళ్ళతోని నాజూకుగ సైగ చేస్తది. అది పండు తింటది, మల్ల ఈపు తిప్పుతది. ఆమె గుడిసెల కూసొని ఏడుస్తుండె. నేను పంజరం ఊడుస్తున్న. చూసి చూసి చీపురు పక్కన పారేసి, 'మేడం, జరుగున్రి' అన్న."

"అంతటి డాక్టర్ని జరగమన్నావా బాబాయ్?" అన్నడు మహీధర్.

"అనకపోతే? ఆమె సైగలు సన్నయి. అదేమో ఎలుగుబంటంత జంతువు. దానికి పెద్దగ చెప్పాలె. నా చేతులు ఎసోంటియి? ఆకాశంల ఉన్నోనికి గూడ కనవడుతయి. చాయ్ కప్పు పట్టుకొని దాని ముంగట నిలవడి, ఇగో, గిట్ల ఒక్కటే సైగ చేసిన. అది లేచి నిలవడ్డది. అదే సైగ నాకు తిరిగి చేసింది. డాక్టరమ్మ నోరు తెరిచింది, మూయలే. ఈగ పోయి వచ్చింది."

రమీజ్ లోపట్నించి నవ్విండు. మలయాళపోడే గని కాక కథలు ఇని ఇని సగం తెలుగు నేర్సిండు.

"కాకా, ఆరు దాటింది," అన్నడు ప్రమోద్.

"అరె, ఆగు భై! యల్లా యల్లా అంటే ఇద్దె వస్తదా? ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? చాయ్ ఒచ్చినంక చక్కెర. చక్కెర ఒచ్చినంక 'చక్కెర తక్వ'. ఇగ నోరు ఇప్పింది సూడు, నోరంటే చేతులే అనుకో, పొద్దుందాక ఒకటే ముచ్చట. పప్పుల ఉప్పు లేదని నాకు చెప్తది. కఫీల్ చిన్న కొడుకు బండి తప్పు నడుపుతుండని చెప్తది. ఓ దినం తోట మేనేజరు, ముదీర్, వచ్చి నన్ను తిట్టిండు, పంజరం కడగలేదని. మబ్రూక్ నడుమల వచ్చి నిలవడి ముదీర్‌కు చేతులతోని గట్టిగనే చెప్పింది. 'గీయన నిన్న ఓవర్‌టైం చేసిండు, ముందుగాల గది రాయి, ఎన్క తిట్టు' అని. ముదీర్ మొఖం మాడిపోయింది."

"ఓవర్‌టైం రాసిండా మల్ల?" అన్న నేను.

"రాసిండు. నాకు గాదు, దానికి. గది వేరే ముచ్చట."

మేం నవ్వినం. కాకకు కోపమొచ్చింది. కాక కోపం ఎట్లుంటదంటే, కథ ఇంక జర పెద్దగైతది.

"నవ్వున్రి, నవ్వున్రి. చెప్పేటోనికి ఇనేటోడు లోకువంటరు గని మీ తోని ఉల్టా అయ్యింది. డాక్టరమ్మ నవ్వలే. నా కాళ్ళ దగ్గర కూసున్నది. 'గురూజీ, నా ముప్పై ఏండ్ల నౌకరి ఒక దిక్కు, నీ ఒక్క చాయ్ ఒక దిక్కు. మా యూనివర్సిటీల నీకు డాక్టర్ పట్టా ఇప్పిస్త' అన్నది. నేను వద్దన్న. నాకెందుకమ్మా పట్టా, ఊర్ల అందరు సూదిమందు ఇయ్యుమంటరు అన్న. ఇగ ఆమె నా దగ్గర నేర్సుకునుడు షురూ చేసింది. పొద్దుగాల ఆమె, పగటీలి మబ్రూక్. మబ్రూక్‌కే జల్ది వచ్చింది. ఎన్కకెళ్ళి అదే ఆమెకు తప్పులు దిద్దుతుండె."

"అబ్బో," అన్నడు మహీధర్.

"అబ్బో గాదు, ఇంక ఉన్నది. నేను సెలవు మీద ఇంటికి పోయి వచ్చేవరకు మబ్రూక్ ఏం చేసిందో ఎరుకేనా? తోటల ఉన్న ఒంటెలకు నేర్పింది."

"ఒంటెలకు చేతులేడియి కాకా?" అన్న.

"ఎడ్డోడా, మెడ ఎందుకిచ్చిండు దేవుడు? మెడతోని సైగ. గింత పొడుగు మెడ, కోసు దూరంకెళ్ళి కనవడుతది. ఒక ఒంటె అన్నది, మా తోటల నీళ్ళు అయిపోతున్నయని. ఆ ముచ్చట మెడ మెడ దాటుకుంట పట్నంల ఉన్న కఫీల్‌కు చేరింది. ఫోన్ ఖర్చు లేదు. కఫీల్ నీళ్ళ బండి తోలిచ్చిండు."

ప్రమోద్ ఫోన్ దిక్కు చూస్తున్నడు, కాక దిక్కు చూస్తున్నడు. వాని మొఖంల నెత్తురు సుక్క లేదు.

"కాకా, నీ దండం. నేర్పు."

"ఆఖరి ముక్క. గిది ఇనకపోతే నేర్పినా దండుగే. రెండు వేల ఇరవై నాలుగుల వాన కొట్టింది, యాదికున్నదా? ఏప్రిల్‌ల? రోడ్లు చెరువులైనయి, కార్లు పడవలైనయి. మా తోట మీదికి వాది వాగు కెళ్ళి వరద వస్తున్నది, తాడిచెట్టంత ఎత్తు. అందరు ఉరికిండ్రు. కఫీల్ ఉరికిండు, ముదీర్ చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిండు. మబ్రూక్ ఉరకలే. ప్రహరీ గోడ ఎక్కి నిలవడ్డది. నా దిక్కు చూసి 'కాకా, ఫికర్ చెయ్యకు' అని సైగ చేసింది. మల్ల నీళ్ళ దిక్కు తిరిగి రెండు చేతులు సాపి అటు ఇటు ఊపింది. గిట్ల! ఖలాస్. నీళ్ళు నిలవడ్డయి. గేటు దగ్గర గోడ కట్టినట్టు నిలవడ్డయి. చేపలు ఆ నీళ్ళల్ల నిలవడి మమ్ముల చూస్తున్నయి!"

"ఎడారి వాగులో చేపలా బాబాయ్?"

"వాన తోని వచ్చినయి. అన్ని అడుగుతవ్."

"ఇప్పుడెక్కడుందేంటి ఆ చింపాంజీ?"

"ఖోర్ ఫక్కాన్ పోర్టుల. కంటైనర్లు దించుతున్నది. నాకన్న మంచి నౌకరి, రూముల ఏసీ, నెలకో సెలవు."

"నేను రెండేళ్ళు అక్కడే చేశాను. నాకెప్పుడూ కనపడలేదే!"

కాక కుర్చీ జర ముంగటికి జరుపుకున్నడు.

"దానిది నైట్ డ్యూటీ."

మహీధర్ దండం పెట్టిండు. ఆరుంబావు దాటింది. గప్పుడు లేచిండు కాక, లుంగీ ఎగ్గట్టి, ప్రమోద్‌ను ముంగట నిలవెట్టుకున్నడు.

"సూడు. పిడికిలి పట్టి నెత్తి మీద రెండుసార్లు కొట్టుకో. 'నువ్వు నా నెత్తి మీద దేవతవు' అన్నట్టు. చూపుడువేలు పైకి వెట్టి గుండ్రంగ తిప్పు. 'నా మనసు నీ చుట్టే తిరుగుతున్నది.' ఆఖరికి రెండు చేతులు కడుపు ముంగట కలిపి పట్టుకో. 'మనిద్దరం ఒక్కటైదాం.' గింతకన్న ముద్దుగ ఎవలన్న చెప్తరా?"

ప్రమోద్ చేసిండు. మల్ల చేసిండు. నాకు గూడ ముద్దుగనే అనిపిచ్చింది. మహీధర్‌కు మాత్రం చాయ్ కొరవోయి దగ్గుడు పెట్టిండు, కండ్లల్ల నీళ్ళు తిరిగేదాక. ఏందంటే చెప్పడు, చెయ్యి ఊపుతడు.

ఫోన్ మోగింది.

రమీజ్ చక్కెర డబ్బా ఇచ్చిండు, దానికి ఫోన్ ఆనిచ్చినం. లావణ్య కనవడ్డది. పసుపుపచ్చ చీర, జడల పూలు. కండ్లు సక్కగ ప్రమోద్‌నే చూస్తున్నయి. చెయ్యెత్తి నమస్తే వెట్టింది. ప్రమోద్ నెత్తి మీద పిడికిలితోని టకటక కొట్టుకున్నడు. వేలు పైకి వెట్టి తిప్పిండు. కడుపు ముంగట చేతులు కలిపి పట్టుకున్నడు.

లావణ్య చూసింది. నొసలు ముడిసింది. మెల్లగ తల అడ్డం ఊపింది.

"పిల్లకు సమజ్ కాలే. సన్నగ చేసినవ్ రా!" అని కాక ఎగవడ్డడు. ప్రమోద్‌ను నూకి ఫోన్ ముంగట తనే నిలవడి, నెత్తి మీద కొట్టుకొని, చెయ్యి ఆకాశంలకు లేపి గాలిపంఖ తీర్గ తిప్పిండు. లావణ్య నోటికి చెయ్యి అడ్డం వెట్టుకున్నది. భుజాలు ఊగుతున్నయి. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో మాకు ఎరుకైతలేదు.

గప్పుడు మహీధర్ నోరు తెరిచిండు. "బాబాయ్, ఆపు నాయనా. ఆ పిల్లకి ఏం చెప్పావో తెలుసా? 'పెద్ద హుక్ వాడు, లోడు పైకి లేపు, అన్నీ కట్టేసి ఆపెయ్.' రోజూ నాకు కిందనుంచి చూపిస్తావు కదా అవే! అవి క్రేన్ సైగలు!"

ప్రమోద్ కుర్చీల కూలవడ్డడు.

"ముంచినవ్ గదా కాకా. ఒక్క ముక్క అడిగిన నిన్ను. పిల్లకు పిచ్చోని లెక్క కనవడ్డ. ఇగ అయిపాయె," అని వాడు నిజంగనే ఏడిసిండు. నాకు కాక మీద మస్తు కోపమొచ్చింది. గంత నమ్మినోని దగ్గర గూడ కోతలేనా అనిపిచ్చింది.

"మబ్రూక్‌కు సమజైంది మల్ల!" అన్నడు కాక, ఇంక గట్టిగనే.

ప్రమోద్ కండ్లు తుడుసుకున్నడు. ఫోన్ తీస్కొని, ఉన్నది ఉన్నట్టు రాసిండు. మాకు గూడ సదివి ఇనిపిచ్చిండు. 'నాకు సైగలు రావు. మీతోని మంచిగ మాట్లాడాలని గీ కాక దగ్గర నేర్సుకున్న. గీయన చింపాంజీకి నేర్పిన్నన్నడు. నమ్మిన. మీరు నాకు మస్తు నచ్చిండ్రు. నేను నచ్చకపోతే ఏం అనుకోను.'

లావణ్య సదివింది. మల్లోసారి సదివింది. ఈసారి ముసిముసిగ నవ్వింది, కండ్లల్ల తడి కనవడ్డది. తల కిందికి వంచి చాలాసేపు ఏదో రాసింది. ఫోన్ టింగుమన్నది. ప్రమోద్ సదివిండు. సదువుకుంట సదువుకుంట లేచి నిలవడ్డడు.

'రాకపోతే ఏమాయె, నేను నేర్పుత. బడిల పిల్లలకు నేర్పుతలేనా? రేపటి సంది రోజు ఫోన్ చెయ్. మా అవ్వకు సరే అని చెప్తున్న. గని ఆ కాకను మాత్రం పక్కన కూసోవెట్టుకోకు. కూసోవెట్టుకునేదుంటే ఆ చింపాంజీని వెట్టుకో. దానికన్న ఏమన్న వచ్చేమో.'

కుర్చీలు ఎన్కకు పడ్డయి. రమీజ్ బయటికి ఉరికొచ్చి ప్రమోద్‌ను ఎత్తుకున్నడు. ఫోన్ల లావణ్య గూడ నవ్వుతున్నది. ఆ సంబురంల కాక గొంతు సవరించుకొని, ఛాతి ఇరిసి ముంగటికొచ్చిండు.

"సూసిండ్రా? ఒప్పుకున్నది గదా? ఎవల పుణ్యం? ఆ తర్వాత మబ్రూక్ పెండ్లిల ఏమైందో ఎరు..."

మహీధర్ లేచి, రెండు చేతులు సాపి, అరచేతులు కిందికి పెట్టి అటు ఇటు ఊపిండు.

సైటుల ఆ సైగ చూస్తే ఎంత పెద్ద క్రేనైనా ఉన్నకాడ నిలవడాలె. కాక నిలవడ్డడు. సగం తెరిచిన నోరు మూసుకొని, చల్లారిన చాయ్ తాగిండు.